కలసి పాడుకొనుట

తీరమున వల లాగునపుడు గొంతులు కలుపుట జాలరుల యాచారము. మన విశాఖపట్టణపు జాలరిపేట యొడ్డున శ్రుతి తప్పినవానిని వెలివేయువారు లేరు. అందఱి యూపిరియు నొక్క లయకు వచ్చినఁగాని వల యొడ్డెక్కదు. చిన్ననాఁడు సంగీతము నేర్చి, పెండ్లియైన పిదప గొంతు దాఁచుకొనువారి కీ మాట చెప్పఁదలఁచితిమి.

త్యాగరాజస్వామివారి నౌకాచరిత్రమున యమునలో నోడ నడుపువారు గోపికలు. గర్వించువారును, ఓడకు చిల్లిపడఁగా భయపడువారును, తమ వస్త్రములతో దానిని మూయఁజూచువారును వారే. తేట తెలుఁగు పాటలు. స్త్రీలు కూడి పాడుకొనుటకు మిక్కిలి యనువైనవి.

తిరువయ్యారున ఆ స్వామి సమాధికి బెంగుళూరు నాగరత్నమ్మగారు తమ సొమ్ముతో నాలయము కట్టించి 1925లో ప్రతిష్ఠ జరిపించిరి. అయినను పురుషులు నడపు ఆరాధనలో స్త్రీలు పాడరాదనిరి. ఆమె పోరాడి ఆ హక్కును సాధించిరి. నేఁడు పంచరత్న కీర్తనలను విద్వాంసులతోఁ గూడ స్త్రీలును గొంతు కలిపి పాడుచున్నారు. అట్లు లభించిన హక్కును వంటయింట మూలఁబెట్టుట న్యాయమా?

వారమున కొక సాయంకాలము ఇరుగుపొరుగు నలుగురు కూడుఁడు. తంబురా లేకున్న శ్రుతిపెట్టె చాలును. ఒకరు మఱచిన చరణమును వేఱొక రందించుదురు. ఆ యందించుటయందే యానందమున్నది.