గీజర్ మార్చాలా? ట్యాంకును చూసి తేల్చుకోండి

మన ఇళ్లలో గీజర్ మార్చాలన్న నిర్ణయం సాధారణంగా రెండు సందర్భాల్లో జరుగుతుంది. దుకాణంలో ఎక్స్ఛేంజ్ ఆఫర్ కనిపించినప్పుడు ఒకటి, బాత్రూం గోడ వెంట నీళ్లు కారినప్పుడు రెండోది. మొదటి సందర్భంలో ఇంకా పనికొచ్చే వస్తువును పాత ఇనుముకు వేస్తున్నాం. రెండోసారికి ప్రమాదం ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది. వరంగల్ లాంటి ఊళ్లో గీజర్ ఆయుష్షును కొన్న తేదీని బట్టి లెక్కగట్టలేం. తేల్చాల్సింది ట్యాంకు. అది గట్టిగా ఉన్నంతకాలం బాగు చేయించుకోవడమే లాభం. అది చెడ్డాక ఒక్క రోజు కూడా వాడకూడదు.

వయసును ఎందుకు నమ్మకూడదో మన నీళ్లే చెబుతాయి. కాకతీయ కాలువ నుంచి వచ్చే నీళ్లు ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల్లో నిల్వ ఉండి, శుద్ధి అయి నల్లాల్లోకి వస్తాయి. అయితే చాలా అపార్ట్‌మెంట్లలో వాడుకకు దిక్కు బోరే. గ్రానైటు రాతిపొరల్లోంచి తోడే ఆ నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. తాగునీటి ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే వనరు లేనిచోట 600 దాకా అనుమతిస్తారు. అది మనిషి కోసం పెట్టిన హద్దు, గీజర్ కోసం కాదు. నీరు వేడెక్కగానే ఆ లవణాల్లో కొంత భాగం విడిపోయి ఎలిమెంట్ మీద తెల్లటి పొరగా పేరుకుంటుంది. అందుకే ఒకే కాలనీలో, ఒకే ఏడాది కొన్న రెండు గీజర్లలో నల్లా నీళ్లది నిక్షేపంగా ఉండగా, బోరు నీళ్లది మూలుగుతూ ఉంటుంది.

అయితే ఆ పొర పట్టినంత మాత్రాన గీజర్ పని అయిపోయినట్టు కాదు. ఎలిమెంట్, థర్మోస్టాట్, సేఫ్టీ వాల్వ్ అన్నీ విడిగా దొరుకుతాయి. ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే మెగ్నీషియం రాడ్ కూడా దొరుకుతుంది. వీటిలో మనం ఎక్కువగా మరిచిపోయేది ఆ రాడ్‌నే. అది పూర్తిగా కరిగిపోయాక తుప్పు నేరుగా ట్యాంకు మీద పడుతుంది. నీళ్లు ఆలస్యంగా కాగుతున్నాయన్న ఫిర్యాదును కూడా కాస్త ఆగి చూడాలి. 15 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి సుమారు 0.7 యూనిట్లు చాలు. 2 కిలోవాట్ల గీజర్‌కు అది ఇరవై నిమిషాల పని. వోల్టేజీ 230 నుంచి 180కి పడిపోతే అదే గీజర్ 1.2 కిలోవాట్లే ఇస్తుంది, సమయం ముప్పయ్యైదు నిమిషాలకు పెరుగుతుంది. అప్పుడు తప్పు గీజర్‌ది కాదు. కొత్తది తెచ్చినా అంతే కాగుతుంది.

ట్యాంకు సంగతి వేరు. దానికి రంధ్రం పడితే వెల్డింగూ నిలవదు, ఎం-సీల్ కూడా నిలవదు. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. చన్నీళ్లు తేటగా ఉండి వేణ్నీళ్లు మాత్రమే ఎర్రగా వస్తుంటే అనుమానం ట్యాంకు మీదే. రెండూ ఎర్రగా వస్తే పైపులను చూడాలి. కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడితే కంగారు అక్కర్లేదు, వేడికి నీరు వ్యాకోచిస్తుంది. పైపుల జాయింట్లన్నీ పొడిగా ఉన్నా గీజర్ అడుగు తడుస్తుంటే మాత్రం లోపల ట్యాంకు కారుతున్నట్టే. ఆ తడి వైర్ల దాకా చేరితే బాడీకి కరెంటు వస్తుంది. ఇలాంటి గీజర్‌ను ఈ చలికాలం గడిస్తే చాలని నెట్టుకురావడం పొదుపు అనిపించుకోదు. థర్మోస్టాట్ పోయిందని దాన్ని తప్పించి వైరు డైరెక్ట్ చేయించడం, చుక్కలు పడుతున్నాయని వాల్వ్ మూయించడం అంతకంటే ఘోరం. వేడినీ ఒత్తిడినీ అదుపులో పెట్టేవి అవే.

పాతది కరెంటు తాగుతుంది, స్టార్ రేటింగ్ ఉన్న కొత్తది బిల్లు తగ్గిస్తుంది కదా అనొచ్చు. ఆ స్టార్లు ముఖ్యంగా చెప్పేది, కాగిన నీరు ట్యాంకులో ఉండగా ఎంత వేడి పోతుందన్నది. రోజంతా స్విచ్ వేసి ఉంచే ఇంట్లో ఆ తేడా తెలుస్తుంది. స్నానానికి ముందు వేసి తర్వాత ఆపేసే ఇంట్లో పెద్దగా మిగిలేదేమీ లేదు. నీటిని కాచడానికి పట్టే యూనిట్లు పాతదైనా కొత్తదైనా దాదాపు అంతే. రోజుకు రెండుసార్లు కాచినా నెలకు 42 యూనిట్లు. గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల లోపు వాడే అర్హులైన ఇళ్లకు అసలు బిల్లే సున్నా. వారంటీ అయిపోయింది కాబట్టి మార్చేయాలన్న వాదనా నిలవదు. వారంటీ కంపెనీ తనకు తాను గీసుకున్న గీతే తప్ప వస్తువుకు రాసిన ఆయువు కాదు. అలాగని ఎంతకైనా రిపేర్లు చేయిస్తూ పోవడమూ తెలివి కాదు. ట్యాంకు వారంటీ దాటిన గీజర్‌కు ఎలిమెంటూ థర్మోస్టాటూ ఒకేసారి పోయి, ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరితే, కొత్తదే కొనడం మేలు.

షాక్ కొట్టిందని గీజర్ మార్చేవాళ్లకు ఒక్క మాట. ముందు స్విచ్ ఆపి, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంప్ ఆర్‌సీసీబీ పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఎర్తింగ్ లేని పాయింటుకు ఎంత ఖరీదైన గీజర్ తగిలించినా ప్రమాదం అక్కడే ఉంటుంది. ఇవన్నీ చూపించే బాధ్యత అద్దె ఇళ్లలో మరీ గాలికి పోతోంది. సుబేదారి, కాజీపేట వైపు గదులు తీసుకునే విద్యార్థులు గోడకున్న గీజర్ విప్పి చూడలేరు. అది ఓనర్ చేయించాల్సిన పని. ఏటా దసరా, దీపావళి మధ్య ఒకసారి మూత విప్పించి, మెగ్నీషియం రాడ్ చూపించి, ట్యాంకు అడుగున చేరిన మడ్డి కడిగించాలి. అమ్మేటప్పుడే ఈ రాడ్ సంగతి దుకాణదారు చెప్పాలి, రశీదు మీద రాసివ్వాలి. ఈ ఊరి బోరు నీళ్లకు అది కొనేవాళ్ల హక్కు.