ఆగిన ప్రతి కారుకూ ఇథనాలే ముద్దాయా?

టెక్కలిలో గానీ పలాస, కాశీబుగ్గల్లో గానీ ఇప్పుడు పాత కారు దారిలో ఆగిందంటే బానెట్ ఎత్తకముందే తీర్పు వచ్చేస్తుంది. "ఇంకేటి బాబూ, పెట్రోల్లో ఇథనాల్ కలిపేస్తన్నారు కదా, పాత బళ్లు ఇంకెక్కడ నడుస్తాయి!" షెడ్డులోనూ ఇదే మాట, టీ దుకాణంలోనూ ఇదే మాట. ఈ మాట తప్పు. బళ్ల సంగతి తెలిసినవాళ్లు కూడా దాన్నే అప్పజెప్పడం ఇంకా పెద్ద తప్పు. దీని మూలంగా బాగున్న పంపులు, కార్బురేటర్లు తుక్కులో పడుతున్నాయి. ఇంకా పదేళ్లు తిరగగల కార్లు తూకానికి పోతున్నాయి.

మాది కార్బురేటరున్న పాత మారుతి 800. ఊళ్లో తిరిగినంతసేపూ పేచీ లేదు. జాతీయ రహదారి ఎక్కి పలాస వైపు పదిహేను కిలోమీటర్లు ఒకే వేగంతో పోతే మిస్సింగ్ మొదలై, జర్కులిచ్చి, ఆగిపోయేది. పావుగంట చెట్టు నీడన నిలబెడితే మళ్లీ మామూలుగా స్టార్టయ్యేది. ఒక మెకానిక్ ట్యాంకులోంచి పెట్రోలు లాగే ఏసీ పంపు మార్చాడు. జబ్బు పోలేదు. ఇంకొకతను కార్బురేటర్ కొత్తది వేయాల్సిందేనన్నాడు. ఇద్దరూ ఇథనాల్‌నే తిట్టారు.

కారు చెబుతున్నది మాత్రం ఎవరూ వినలేదు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది. జెట్ రంధ్రం మారని పాత కార్బురేటర్లో ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) పోస్తే మిశ్రమంలో ఇంధనం పలచబడుతుంది. ఆక్సిజన్ సెన్సరున్న ఇంజెక్షన్ కారు తనంతట తాను సర్దుకుంటుంది, ఇది సర్దుకోలేదు. దాంతో పొద్దున్నే స్టార్టింగుకు మొరాయిస్తుంది, పికప్ తగ్గుతుంది, మైలేజీ పడిపోతుంది. ఆ దోషం ఇంటి గుమ్మం దగ్గరా కనపడాలి, హైవే మీదా కనపడాలి. పదిహేను కిలోమీటర్ల దాకా ఊరుకుని, పావుగంట విశ్రాంతికి నయమయ్యే జబ్బు అది కాదు.

మూడో మెకానిక్ తల నెరిసిన మనిషి. స్పానరు ముట్టకుండా ముందు నాతో కారెక్కాడు. ఆగినచోట దిగి, పెట్రోలు మూత విప్పి చెవి పెట్టాడు. మూతలోని గాలి రంధ్రం పూడిపోతే ఇంజను లాగేకొద్దీ ట్యాంకులో గాలి తగ్గి, పంపుకు పెట్రోలు అందదు. అప్పుడు మూత విప్పగానే గాలి బుస్సుమని లోపలికి పోతుంది. ఆ చప్పుడు రాలేదు. ఎయిర్ ఫిల్టర్ తీసి యాక్సిలరేటర్ తొక్కమన్నాడు. కార్బురేటర్ గొంతులో పెట్రోలు చిమ్మలేదు. అంటే కాయిల్ వేడెక్కి కరెంటు పోవడం కాదు, పెట్రోలే రావడం లేదు. పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేసి రెండు నిమిషాల్లోనే స్టార్ట్ చేసి చూశాడు. ఎండకు పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడి ఉంటే ఆ చల్లదనానికి ఇంజను కదలాలి. కదల్లేదు.

షెడ్డుకు వచ్చాక ఇంజను రేస్ చేసి ఉంచాడు. ఇరవై నిమిషాలకు ఆగింది. చల్లారనిచ్చి, ఆరుబయట, చుట్టుపక్కల బీడీ వెలగకుండా చూసుకుని, ట్యాంకు పైపు విడదీసి పంపుకు సీసాలోంచి పెట్రోలు అందించాడు. అదే రేసు మీద ఇంజను ఆగకుండా ఆడింది. తీసేసిన పాత పంపు బిగించాడు. దాంతోనూ ఆడింది. నేను డబ్బు పెట్టి మార్పించింది బాగున్న పంపునన్నమాట.

ట్యాంకు దింపితే అడుగున ఎర్రటి తుప్పు మడ్డి. ఇంజను లాగినంతసేపూ అది వచ్చి లోపలి జల్లెడకు అతుక్కునేది, ఆపేస్తే వదిలి కిందికి జారేది.

ఆ తుప్పు ఎక్కడిదో ఉద్దానంలో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి తీరంలో ఉప్పుగాలికి ఇనుప గేట్లే పొట్టు రేగిపోతాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగిన ఆ నెలల్లో కారు గురించి ఎవరికి పట్టింది? మా బండి బంధువుల పెరట్లో సగం ట్యాంకుతో నెలల తరబడి నిలిచిపోయింది. ఖాళీ సగంలో తేమ, రాత్రి చల్లబడితే రేకుకు పట్టే నీటి చుక్కలు, వాటితో తుప్పు. అప్పటికి దేశంలో పెట్రోల్లో కలిసే ఇథనాల్ సగటున 5 శాతం లోపే.

ఇథనాల్‌ను వెనకేసుకురావడం నా ఉద్దేశం కాదు. పాత తరహా కార్లకు ఇ20తో మైలేజీ 6–7 శాతం తగ్గుతుందని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు పైపులను, పంపు డయాఫ్రమ్‌ను పాడుచేస్తుంది, ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది కూడా. పాత బండ్లవాళ్లకు వేరే పెట్రోలు అందుబాటులో ఉంచాలని అడగడం న్యాయం. ఆ కొట్లాట ప్రభుత్వంతో చేద్దాం. ఇథనాల్‌ను సాకు చేసుకుని బండిని చూడకుండా తీర్పు చెప్పడం మాత్రం కుదరదు. పైపు మెత్తబడిందా, చీలిందా అన్నది చేత్తో నొక్కితే తెలుస్తుంది. పెట్రోల్లో నీళ్లున్నాయన్న అనుమానముంటే గాజు సీసాలో పట్టి కదపకుండా ఉంచండి, నీళ్లు ఎక్కువుంటే అడుక్కి వేరే పొరగా చేరతాయి. కల్తీ అనుమానముంటే బంకులో ఫిల్టర్ పేపర్ అడిగి ఒక చుక్క వేయించండి. మంచి పెట్రోలు మరక లేకుండా ఆరిపోతుంది.

తప్పంతా మెకానిక్కులదే అననుగాక అనను. సామాను మారిస్తే బేరమాడైనా డబ్బిస్తాం. రెండు గంటలు వెతికి ఏదీ మార్చకుండా జబ్బు చెప్పినవాడికి టీ తాగించి పంపేస్తాం. అలాంటప్పుడు అతను పంపు మార్చక ఏం చేస్తాడు? ఈసారి మీ పాత కారు ఆగితే, అది ఎక్కడ, ఎంత దూరానికి, ఎంత ఎండలో ఆగిందో కాగితం మీద రాసి తీసుకెళ్లండి. సామాను సంగతి ఎత్తకముందే, వెతికినందుకు కూలి ఇస్తానని మెకానిక్‌కు చెప్పండి.