గ్యాస్ అనుకుని గంటలు పోగొట్టుకోకండి

అర్ధరాత్రి ఛాతీ బరువెక్కితే మన ఇళ్లలో మొదట వినపడే మాట: "గ్యాస్ అయి ఉంటుందిలే". వెంటనే ఈనో, సోడా, వాము నీళ్లు. ఆ తర్వాత "కాసేపు పడుకో, తెల్లారాక చూద్దాం". ఈ చివరి మాటే ప్రాణాల మీదికి తెస్తోంది. ఇకమీదట దాన్ని ఇంట్లో ఎవరితోనూ అనకండి. మీకు మీరూ చెప్పుకోకండి.

లోపల జరిగేదేమిటో తెలిస్తే ఈ తొందర ఎందుకో అర్థమవుతుంది. గుండె రోజుకు దాదాపు లక్ష సార్లు కొట్టుకుంటుంది. మనం ఊరికే కూర్చున్నా నిమిషానికి సుమారు 5 లీటర్ల నెత్తురును ఒళ్లంతా పంపుతుంది. అంత నెత్తురు తన గదుల్లోంచే పోతున్నా, గుండె కండరం దాన్ని నేరుగా వాడుకోలేదు. బృహద్ధమని మొదట్లో చీలే రెండు కరోనరీ ధమనులే దానికి ఆధారం. వాటి వెడల్పు కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే.

ఆ నాళాల గోడల్లో ఏళ్ల తరబడి కొవ్వు పేరుకుంటుంది. ఒకరోజు ఆ పూడిక పైపొర చిట్లుతుంది. అక్కడ నెత్తురు గడ్డకట్టి దారి మూసేస్తుంది. కాలువ పూడితే కింది చేను ఎండినట్టు, ఆ నాళం మీద ఆధారపడ్డ కండరం ప్రాణవాయువు అందక చావడం మొదలవుతుంది. అందుకు 20 నుంచి 40 నిమిషాలు చాలు. లోపలి పొరలో మొదలైన నష్టం గంట గంటకూ బయటి పొర దాకా పాకుతుంది. చచ్చిన కండరం మళ్లీ పుట్టదు. అంతకుముందు ఏ ఇబ్బందీ పెట్టని చిన్న పూడిక కూడా ఇలా చిట్లవచ్చు. నిన్నటిదాకా హాయిగా మెట్లెక్కిన మనిషి ఇవాళ కుప్పకూలేది అందుకే.

వయసు చూసి ధీమా పడకండి. మేకపాటి గౌతమ్ రెడ్డి ఆంధ్రప్రదేశ్ మంత్రిగా ఉండగానే 2022 ఫిబ్రవరిలో గుండెపోటుతో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 50 ఏళ్లే.

ఈ గుర్తులు ఇంట్లో అందరికీ తెలియాలి. ఛాతీ మధ్యలో బిగబట్టినట్టు, బండరాయి పెట్టినట్టు ఉండటం. ఆ నొప్పి ఎడమ చేతికో, రెండు చేతులకో, దవడకో, మెడకో, రెండు జబ్బల మధ్యకో పాకడం. ఒళ్లంతా చల్లటి చెమటలు, ఆయాసం, వాంతి, కళ్లు తిరగడం. నొప్పి పొట్ట పైభాగంలోనే ఉండొచ్చు. మోసపోయేది అక్కడే. తేన్పు వచ్చి కాస్త తేలికపడినంత మాత్రాన గుండెపోటు కాదని నమ్మడానికి లేదు.

ఆడవాళ్ల విషయంలో మరింత జాగ్రత్త. కారణం తెలియని నీరసం, ఆయాసం, వికారం మాత్రమే కనిపించవచ్చు. "పని ఎక్కువైంది" అని ఆమే సర్దిచెప్పుకుంటుంది. ఆ మాట విని ఊరుకోకండి. షుగర్ ఉన్నవాళ్లకు నరాలు మొద్దుబారి అసలు నొప్పే తెలియకపోవచ్చు. వాళ్లకు ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, చెమటలు పట్టినా గుండెనే ముందు అనుమానించండి.

అనుమానం రాగానే 108కి ఫోన్ చేయండి. రోగిని నడిపించకండి, మెట్లెక్కించకండి, బండి మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లకండి. తనంతట తాను కారు నడుపుకుంటూ పోనివ్వకండి. ఆస్పిరిన్ పడని వాళ్లూ, రక్తస్రావం సమస్య ఉన్నవాళ్లూ కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలి మింగించమని వైద్యులు చెబుతారు. ఫోన్‌లోనే అడిగి ఇవ్వండి. పక్కింటాయన వాడే సార్బిట్రేట్ తెచ్చి నాలుక కింద పెట్టకండి. బీపీ ఒక్కసారిగా పడిపోయే ప్రమాదం ఉంది.

ఈసీజీ తీసే సదుపాయం ఉన్న ఆసుపత్రికే వెళ్లండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉన్నా నొప్పి తగ్గకపోతే ఇంటికి వచ్చేయకండి. మళ్లీ తీయమనండి, ట్రోపోనిన్ రక్తపరీక్ష గురించి అడగండి. స్టెంట్ వేసే పెద్దాసుపత్రి దూరమైతే గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. అది ఎంత ముందు పడితే అంత మేలు. మీ దగ్గర్లో ఏ ఆసుపత్రిలో అది దొరుకుతుందో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి. అర్ధరాత్రి వెతుక్కోవడం కాదు.

మనిషి కూలిపోయి, పలకక, ఊపిరి సరిగా తీయకపోతే నీళ్లు చల్లుతూ కూర్చోకండి. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు రెండు అరచేతులు ఒకదానిమీద ఒకటి వేసి ఛాతీ మధ్యలో 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. ఈ సీపీఆర్ నేర్చుకోవడానికి ఒక పూట చాలు. ఇంటికి ఒక్కరైనా నేర్చుకోండి.

ఇదంతా ముప్పు మీదపడ్డాక చేసే పని. ముప్పును దూరం పెట్టడం మన చేతుల్లోనే ఎక్కువగా ఉంది. బీపీ ఏళ్లపాటు చప్పుడు చేయదు, చూపించుకుంటేనే తెలుస్తుంది. ముప్పై దాటితే బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. నాన్నకో అన్నదమ్ములకో 55 లోపు, అమ్మకో అక్కచెల్లెళ్లకో 65 లోపు గుండెజబ్బు వచ్చి ఉంటే ఇంకా ముందే వెళ్లండి. బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా ఏదైనా సరే మానేయండి. తగ్గించామంటే సరిపోదు. ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఊరగాయ, అప్పడం, వడియం కలిస్తే మన పళ్లెంలో ఆ గీత ఎప్పుడో దాటిపోతుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్లు "బాగానే ఉంది కదా" అని మందులు సొంతంగా ఆపకండి. స్టెంట్‌లోనే గడ్డకట్టవచ్చు.

పరీక్షించాక అది గ్యాసేనని తేలితే ఒక రాత్రి నిద్ర, కొంత డబ్బు పోతాయి. అంతే. ఎవరూ నవ్వరు, నవ్వినా పర్వాలేదు. గుండెపోటై ఉండి ఇంట్లోనే ఆగిపోతే పోయేది తిరిగి రాదు. కాబట్టి ఛాతీ బరువెక్కిన రాత్రి తెల్లారేదాకా ఆగకండి. ఇంట్లోవాళ్లను లేపండి, 108కి ఫోన్ చేయండి.