గడపయొద్ద స్వపరిపాలనము

పురశుభ్రతకు ధనము చాలదని మన పట్టణములలో తరచు వినవచ్చు సమాధానము. ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమున సర్గుజా జిల్లాకు ముఖ్యపట్టణమగు అంబికాపూర్ ఈ సమాధానమును పూర్వపక్షము చేయుచున్నది. 2011 జనాభాలెక్కలలో అచటి జనసంఖ్య లక్షకు కొంచెము మించినది. అది ధనికనగరమును కాదు.

2015 ప్రాంతమున ఆరంభమైన యచటి యేర్పాటు మిగుల సులభము. తడిచెత్తను, పొడిచెత్తను గృహస్థులే వేఱుచేయుదురు. స్వయంసహాయక సంఘముల స్త్రీలు, నాలుగు వందలకు పైబడినవారు, ఇంటింటికి వచ్చి దానిని గొనిపోవుదురు. కాగితము, గాజు, లోహము, ప్లాస్టిక్కు విడివిడిగా విక్రయింపబడును, తడిచెత్త యెరువగును. గృహస్థులిచ్చు నెలరుసుమును, అమ్మకపు రాబడియు ఆ స్త్రీల జీతములకు ఆధారము. పూర్వము చెత్తగుట్టలు పడియున్న సుమారు 15 ఎకరముల స్థలము ఉద్యానవనమైనది. కిలో ప్లాస్టిక్కు తెచ్చినవారికి భోజనము పెట్టు శాలను 2019లో నగరపాలకసంస్థ నెలకొల్పినది.

ఇందు యంత్రములకంటె గృహస్థుని నియమమే యెక్కువ పనిచేసినదని మా యభిప్రాయము. మన వీథిలోనికి బండి వచ్చినను సర్వమును ఒకే బుట్టలో కలిపి పోయువారము మనమే; రుసుమనగానే ఆక్షేపించువారమును మనమే. మనము కలిపిన మలినమును చేతులతో విడదీయు శ్రమ పేదలపై బడుచున్నది. ఎరువు కాదగినది చెరువులలో కుళ్లుచుండ, రైతు యెరువునకై అంగడికి పోవుచున్నాడు.

స్వపరిపాలనమనగా వోటు వేయుట మాత్రమే కాదు. పురపాలకసంఘములు పారిశుద్ధ్యపు పనివారికి న్యాయమైన జీతమును సకాలమున నొసగవలెను. పౌరులు రేపటి యుదయముననే గడపయొద్ద రెండు బుట్టలు పెట్టుదురుగాక!