ఇసుకలో మేకు

ఏటా ఈ శీర్షికలో మన దోహా ముచ్చట్లే చెబుతుంటాను. ఈసారి నాకు జరిగిన శృంగభంగం చెబుతాను, నవ్వుకోండి.

మా వాడు చదివే ఇండియన్ స్కూల్లో స్కౌటు దళం ఉంది. పిల్లల్ని రాత్రి క్యాంపుకు తీసుకెళ్ళాలంటే శిక్షణ పొందిన పెద్దవాళ్ళు కావాలి, తల్లిదండ్రుల్లో ఎవరైనా రండి అని కబురొచ్చింది. నేను వెంటనే చెయ్యెత్తాను. కాజీపేట రైల్వే కాలనీలో మెడకు స్కార్ఫు చుట్టుకుని తిరిగినవాణ్ణాయె! పైగా సైటులో నలభై మంది చేత పని చేయించే ఉద్యోగం. నాకు కొత్తగా నేర్పేదేముంటుందన్న ధీమా.

శిక్షణ జనవరిలో, రెండు రోజులు. మెసయీద్ దాటాక సీలైన్ ఇసుక దిబ్బల మధ్య. పన్నెండు మందిమి వెళ్ళాం. ఆరుగురేసి చొప్పున రెండు పెట్రోళ్ళుగా విడదీశారు. పెద్దవాళ్ళని కూడా పిల్లల్లాగే జట్లు చేసి, వంటా గుడారమూ వాళ్ళ చేతే చేయించి నేర్పడం పాత పద్ధతే. 1907లో బ్రౌన్‌సీ దీవిలో సుమారు ఇరవై మంది పిల్లలతో తొలి క్యాంపు నడిపిన బేడెన్ పవెల్, ఉద్యమం పెరిగాక నడిపేవాళ్ళకీ శిక్షణ కావాలనుకున్నారు. 1919 సెప్టెంబరులో లండన్ దగ్గరి గిల్వెల్ పార్కులో మొదలైన ఆ శిక్షణకే వుడ్ బ్యాడ్జ్ అని పేరు. మన దేశంలో హిమాలయ వుడ్ బ్యాడ్జ్ అంటారు. పూర్తిచేసిన వాళ్ళ మెడలో తోలు తాడుకి రెండు చెక్కపూసలు వేలాడతాయి. మాది అంత పెద్దది కాదు లెండి, తొలిమెట్టు.

"గుడారం వెయ్యండి" అన్నారు శిక్షకుడు, ఒక మలయాళీ మాస్టారు. నేను సుత్తి అందుకున్నాను. మా పెట్రోల్లో చీరాల వైపు టీచరమ్మగారు ఒకావిడ ఉన్నారు. "అన్నయ్యగారూ, ఇసుకలో మేకు నిలవదేమో. ఖాళీ బియ్యం సంచుల్లో ఇసుక నింపి, లోతుగా పాతి, వాటికి తాళ్ళు కడదామా? మా వాడరేవులో పందిళ్ళకి అలాగే కట్టేవాళ్ళు" అన్నారు.

"మీరు పొయ్యి సంగతి చూడండమ్మా, ఇది మేం చూసుకుంటాం" అన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. మాస్టారు పక్కనే ఉన్నారు, విన్నారు. ఏమీ అనలేదు.

చీకటి పడ్డాక ఆయన ధ్రువ నక్షత్రం చూపించారు. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే ఆకాశంలో దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. నేల అంచు నుంచి రెండున్నర పిడికిళ్ళ ఎత్తున ఉంది చుక్క. అంటే ఇరవై అయిదు డిగ్రీలు, ఈ చోటి అక్షాంశం కూడా అంతే. కాజీపేటలో అదే చుక్క రెండు పిడికిళ్ళకు తక్కువే. ఊరు వదిలి ఎంత దూరం వచ్చామో ఆ చుక్కకి తెలుసన్నమాట! కాసేపు ఎవరం మాట్లాడలేదు.

రాత్రి ఒంటిగంటకి వాయవ్యం నుంచి షమాల్ గాలి లేచింది. మేకులు పెరుగులోంచి గరిటెలు లేచినట్టు లేచాయి. గుడారం మా మీద పడింది. తెల్లారేదాకా మగవాళ్ళం కారులో ముడుచుకు కూర్చున్నాం. ఆడవాళ్ళ గుడారం మాత్రం చెక్కుచెదరలేదు. పొద్దున చూస్తే నాలుగు మూలలా బియ్యం సంచులు!

మాస్టారిని నిష్ఠూరంగా అడిగాను. "మీకు ముందే తెలుసు కదా సార్, ఒక్క మాట చెప్పొచ్చుగా?"

"ఆవిడ చెప్పారు కదా సార్" అన్నారాయన.

రెండో రోజు ఆయన పద్ధతి మారిపోయింది. నిన్న నోరు విప్పని మనిషి, ఇవాళ గట్టిగా మాట్లాడారు. సబ్ఖా అంటారే, ఆ ఉప్పు నేల చూపించారు. పైన గట్టిగా పెచ్చు కట్టి ఉంటుంది, కింద బురద. బండి దిగబడితే అంతే. అటువైపు పిల్లలు పరిగెత్తుతుంటే చూస్తూ నిలబడకూడదు. నీళ్ళ లెక్క, తలల లెక్క, సముద్రపు ఒడ్డు, ఎండదెబ్బ, ఇవన్నీ పెద్దవాళ్ళు క్షణం ఆలస్యం చెయ్యకుండా కలగజేసుకోవలసినవి. గుడారం వంకరగా ఉంటేనేం, అన్నం మాడితేనేం, అక్కడ మాత్రం చేతులు కట్టుకోమన్నారు. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడానికే ఈ శిక్షణంతా అని నాకు అప్పుడు బోధపడింది. వెళ్ళేముందు టీచరమ్మగారికి క్షమాపణ చెప్పుకున్నాను. "దానిదేముంది అన్నయ్యగారూ, మా ఇంట్లో ఆయనా అంతే" అన్నారు.

ఫిబ్రవరిలో పిల్లల క్యాంపు జరిగింది. మా వాడి పెట్రోలు గుడారం వెయ్యడానికి యాభై నిమిషాలు పట్టింది. తాడు ఒకటి వదులుగా ఉందని నాకు కనిపిస్తూనే ఉంది. వాడు రెండుసార్లు నా వైపు చూశాడు. నేను వెనక్కి చేతులు కట్టుకుని సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాను. సైటులో కాంక్రీటు పోసేటప్పుడు కూడా అంత కష్టపడలేదు.

అర్ధరాత్రి గాలి కొంచెం పెరిగింది. నిద్ర పట్టలేదు. మెల్లగా వెళ్ళి ఆ ఒక్క తాడూ బిగించి వచ్చాను.

పొద్దున గుడారం విప్పుతూ మా వాడు ఆ తాడు దగ్గర ఆగాడు. వేళ్ళతో తడిమి చూశాడు.

"నాన్నా, ఈ ముడి మేం వేసింది కాదు" అన్నాడు.