కాలుగాలిన పిల్లికి రక్తపరీక్ష

కుదురు లేకుండా ఇల్లంతా తిరిగే మనిషిని కాలుగాలిన పిల్లి అంటాం. ఆ మాట పుట్టించినవారికి థైరాయిడ్ సంగతి తెలిసి ఉండదు. కానీ పన్నెండేళ్లు దాటిన పిల్లి అర్ధరాత్రి లేచి గదులన్నీ కలియదిరుగుతూ, గొంతెత్తి అరుస్తూ, పెట్టినదంతా తిని మళ్లీ గిన్నె దగ్గరికే వచ్చి నిలబడుతూ, అయినా నెలనెలకూ చిక్కిపోతుంటే ఆ జాతీయానికి వైద్యార్థం కూడా ఉందనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు మాత్రం ‘వయసైపోయింది పాపం, అయినా తిండికి లోటు లేదు, ఇంకా గంతులేస్తూనే ఉంది’ అనుకుంటారు. ఇందులో మొదటి మాట రోగాన్ని వయసు ఖాతాలో వేస్తుంది, మిగతా రెండూ రోగ లక్షణాలను ఆరోగ్యం ఖాతాలో వేస్తాయి. మన నగరాల్లో పిల్లులు పెంచే ఇళ్లు పెరుగుతున్నాయి. టీకాలు, వేళకు తిండి, రోడ్డు ప్రమాదాలు లేని నాలుగు గోడల బతుకు వాటి ఆయుష్షును పెంచుతున్నాయి. ఆయుష్షు వెంట ముసలితనపు జబ్బులూ వస్తాయి. కాబట్టి పదేళ్లు దాటిన పిల్లిని నెలకోసారి తూచాలని, ఏడాదికోసారి రక్తపరీక్ష చేయించాలని, అవి లేకుండా ‘వయసు’ అని తీర్పు చెప్పే హక్కు మనకు లేదని నా వాదన.

పిల్లుల్లో థైరాయిడ్ అతిగా పనిచేసే ఈ జబ్బును వైద్యలోకం గుర్తించి ఇంకా యాభై ఏళ్లు కాలేదు. 1979లో న్యూయార్క్ పశువైద్యులు, 1980లో బోస్టన్ వైద్యులు దీన్ని వివరించారు. అంతకుముందు ఎవరూ పెద్దగా పట్టించుకోని ఈ రోగం ఇప్పుడు నడివయసు దాటిన పిల్లుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనబడే హార్మోన్ జబ్బు. మెడలో వాయునాళానికి అటూ ఇటూ ఉండే థైరాయిడ్ తమ్మెలు ఉబ్బి, మెదడు ఇచ్చే ఆజ్ఞతో పని లేకుండా హార్మోన్‌ను వదులుతూ పోతాయి. నూటికి తొంభై ఏడెనిమిది కేసుల్లో ఈ ఉబ్బు క్యాన్సర్ కాదు. అయినా ఒంట్లో అది పెట్టే మంట మామూలుది కాదు. పొయ్యి తగ్గించే చెయ్యి లేకపోతే గిన్నెలోది ఎలా ఇగిరిపోతుందో కండలు అలా కరిగిపోతాయి. గుండె వేగం పెరుగుతుంది, గోడలు మందమవుతాయి. నీళ్లు ఎక్కువ తాగుతుంది, మూత్రం ఎక్కువ పోస్తుంది, వాంతులు, విరేచనాలు, అట్టలు కట్టిన బొచ్చు వరసగా కనబడతాయి. రక్తపోటు మరీ పెరిగితే కంటి వెనుక పొర ఊడిపోయి, నిన్నటిదాకా కిటికీ ఎక్కిన పిల్లి తెల్లారేసరికి గోడలకు గుద్దుకుంటుంది.

ఇదంతా పాశ్చాత్య దేశాల డబ్బా తిండి పిల్లులకు వచ్చే జబ్బు, మనకెందుకని అడిగేవారున్నారు. ఆ అనుమానానికి కొంత ఆధారం లేకపోలేదు. డబ్బా తిండికీ ఈ జబ్బుకూ సంబంధం ఉన్నట్టు పలు అధ్యయనాలు చూపాయి. సోఫాల నురుగులో, ఎలక్ట్రానిక్ వస్తువుల్లో మంటలు అంటకుండా కలిపే రసాయనాలు ఇంటి దుమ్ములో చేరి, ఒళ్లు నాకి శుభ్రం చేసుకునే పిల్లి కడుపులోకి పోతాయన్న అనుమానమూ ఉంది. ఏదీ ఇంతవరకు కచ్చితమైన కారణంగా రుజువు కాలేదు. అమెరికాలో, బ్రిటన్‌లో పదేళ్లు దాటిన పిల్లుల్లో నూటికి పది వరకు ఈ జబ్బు ఉంటుందని అంచనా. హాంకాంగ్‌లో పదేళ్లు దాటిన పిల్లులను పరీక్షిస్తే నూటికి దాదాపు నాలుగింటిలో తేలింది. చోటును బట్టి లెక్క మారుతుందన్నది నిజమే. అయితే సోఫా, ప్యాకెట్ తిండి, అపార్ట్‌మెంటు దుమ్ము ఇప్పుడు ఏ ఒక్క దేశానికో పరిమితమైనవి కావు. హైదరాబాద్, విశాఖ, విజయవాడ అపార్ట్‌మెంట్లలో కిటికీలోంచి లోకాన్ని చూస్తూ ముసలివవుతున్న పిల్లుల జీవితం పల్లె అటక మీద ఎలుకలు పట్టిన పిల్లి జీవితం కంటే హాంకాంగ్ ఫ్లాట్‌లోని పిల్లి జీవితానికే దగ్గర.

ఇక మనం ఎందుకు గుర్తించలేకపోతున్నామన్న ప్రశ్న. జబ్బు పడ్డ జంతువు తిండి మానేసి మూలన ముడుచుకుంటుందని మనకు తరతరాల అనుభవం. ఆవు గడ్డి ముట్టకపోతే రైతుకు క్షణంలో తెలిసిపోతుంది. ఇక్కడ అంతా తలకిందులు. ఆకలి పెరుగుతుంది, చురుకు పెరుగుతుంది, కళ్లలో ఒక రకమైన వెలుగు కూడా కనబడుతుంది. తగ్గేది బరువొక్కటే, దాన్ని బొచ్చు కప్పేస్తుంది. నాలుగున్నర కిలోల పిల్లి 450 గ్రాములు తగ్గితే చేతికి తెలియదు, కంటికి అసలే తెలియదు. అదే అరవై కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గితే వీధి వీధంతా ‘ఏమైంది, ఒంట్లో బాగోలేదా’ అని అడుగుతుంది. అందుకే కంటిని నమ్మొద్దు, కాటాను నమ్ముకోవాలి. మనుషుల కోసం బాత్రూమ్‌లో పెట్టుకునే మిషన్ వంద గ్రాముల తేడాను సరిగా పట్టుకోదు. పసిపిల్లలను తూచేదో, కూరగాయలు తూచే ఎలక్ట్రానిక్ కాటానో కావాలి. బుట్టలో కూర్చోబెట్టి, బుట్ట బరువు తీసేసి, నెలకోసారి క్యాలెండర్ మీద అంకె వేస్తే చాలు. పాలవాడి లెక్క రాసే చోటే ఇదీ రాయొచ్చు.

మన ఇళ్లలో థైరాయిడ్ అన్న మాటకు ఉన్న అర్థం ఇంకో చిక్కు తెచ్చిపెడుతుంది. తెలుగింట థైరాయిడ్ అంటే చాలావరకు ఆ గ్రంథి మందగించడమే. ఒళ్లు పెరగడం, నీరసం, పొద్దున్నే పరగడుపున వేసుకునే చిన్న మాత్ర, అర్ధగంట ఆగి తాగే కాఫీ. ఆ మాత్రలో ఉండేది థైరాయిడ్ హార్మోనే. పిల్లికి ఉన్నది సరిగ్గా దానికి ఎదురు జబ్బు. ‘మన మాత్రలోంచి కొంచెం తుంచి వేద్దాం’ అనుకుంటే మండే పొయ్యిలో కిరసనాయిలు పోసినట్టే. ల్యాబ్ రిపోర్టులోనూ ఇలాంటి ఉచ్చే ఉంది. రక్తంలో మొత్తం టీ4 హార్మోన్ మనుషులకు డెసిలీటరుకు సుమారు 5 నుంచి 12 మైక్రోగ్రాముల దాకా ఉండొచ్చు. పిల్లికి 4 దాటితే చాలు, అనుమానించాలి. పిల్లి రక్తాన్ని మనుషుల ల్యాబ్‌కు పంపితే 8 వచ్చినా, పక్కన అచ్చేసిన హద్దులను బట్టి చూసి ‘నార్మల్’ అని ఊపిరి పీల్చుకునే ప్రమాదం ఉంది. ఆ కాగితాన్ని పశువైద్యుడు చదవాలి. ఇంకో మెలికేమిటంటే, జబ్బు ఉన్న పిల్లుల్లోనూ పదింట ఒకదానికి తొలి దశలో ఈ అంకె హద్దుల్లోనే కనబడుతుంది. లక్షణాలు ఉండి అంకె లేకపోతే కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడాల్సిందే.

చికిత్సలో మేలైనది రేడియోధార్మిక అయోడిన్ ఇంజెక్షన్. ఒక్క మోతాదుతో నూటికి తొంభై ఐదు పిల్లుల్లో జబ్బు నయమవుతుంది. కానీ దానికి అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు పాటించాలి, పిల్లిని కొన్ని రోజులు వేరుగా ఉంచే ఏర్పాటు కావాలి. కాబట్టి మన ఊళ్లలో సామాన్యంగా అందేది మాత్రే. మెథిమజోల్, లేదా ఒంట్లోకి వెళ్లాక మెథిమజోల్‌గా మారే కార్బిమజోల్. ఈ రెండోది మనుషుల కోసం మన మందుల షాపుల్లో ఎన్నో ఏళ్లుగా దొరుకుతున్న మామూలు మందు. ఇది గడ్డను కరిగించదు, హార్మోన్ తయారీని మాత్రం అడ్డుకుంటుంది, అందువల్ల జీవితాంతం వేయాలి. 2006లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనం 167 పిల్లులను గమనించింది. మందు మాత్రమే వాడిన వాటిలో సగం రెండేళ్లు, అయోడిన్ చికిత్స పొందిన వాటిలో సగం నాలుగేళ్లు దాటి బతికాయి. పన్నెండు, పదమూడేళ్ల వయసులో రోగం బయటపడే జంతువుకు రెండేళ్లంటే తక్కువేమీ కాదు.

మందు మొదలుపెడితే కిడ్నీలు పాడవుతాయన్న భయం కొంత చదువుకున్న యజమానుల్లో ఎక్కువ. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం, ఎందుకంటే అందులో సగం నిజముంది. హార్మోన్ పోటు వల్ల గుండె రక్తాన్ని జోరుగా తోస్తుంది, కిడ్నీలు తమ శక్తికి మించి వడపోస్తాయి. పైగా కండ కరిగిపోవడం వల్ల కిడ్నీల పనితీరును సూచించే క్రియాటినిన్ రక్తంలో తక్కువగానే కనబడుతుంది. అంటే అప్పటికే దెబ్బతిన్న కిడ్నీ కాగితం మీద ఆరోగ్యంగా ఉంటుంది. మందు పనిచేసి పోటు తగ్గగానే అసలు రంగు బయటపడుతుంది. చూసేవాళ్లకు మాత్రం మందే కిడ్నీని చెడగొట్టినట్టు అనిపిస్తుంది. వరద తగ్గాక గట్టు తెగి ఉండటం చూసి, నీళ్లు తీయడం వల్లే తెగిందన్నట్టుంది ఈ వాదన. చికిత్స తర్వాత కిడ్నీ జబ్బు బయటపడినా, థైరాయిడ్ అంకె సరైన హద్దుల్లో ఉంటే ఆ పిల్లుల ఆయుష్షు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. తగ్గింది ఎక్కడంటే, మందు మోతాదు మించి థైరాయిడ్ మరీ పడిపోయిన పిల్లుల్లో. కాబట్టి భయపడాల్సింది మందుకు కాదు, మందు రాయించుకుని మళ్లీ డాక్టర్ మొహం చూడకపోవడానికి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాల్లో టీ4తోపాటు కిడ్నీ, కాలేయం, రక్తకణాల పరీక్షలు చేయించాలి. కుదుటపడ్డాక కూడా కొన్ని నెలలకోసారి ఇదే పని. తొలి మూడు నెలల్లో తిండి మానేసినా, వాంతులు చేసుకున్నా, మొహాన్ని రక్తం వచ్చేలా గోక్కున్నా మందు ఆపి వెంటనే చూపించాలి.

రోజుకు రెండుసార్లు పిల్లి నోట్లో మాత్ర వేయడం హింస కాదా అని ఇంకొందరు. వేసి చూసినవారికి ఎవరికి హింసో బాగా తెలుసు, గీతలు పడేది మన చేతుల మీదే. కానీ ఇది నేర్చుకుంటే వచ్చే పని. మెత్తటి కోడిమాంసం ముక్కలో మాత్ర పెట్టడం, నోట్లో వేసినప్పుడు గొంతులో అతుక్కోకుండా వెనకే సిరంజితో కాసిన్ని నీళ్లు పోయడం, రోజూ అదే వేళకు, అదే చోట కానిచ్చేయడం. పొడి చేయకూడదు, గర్భిణులు ఆ మందును వట్టి చేత్తో ముట్టుకోకూడదు. కొన్ని దేశాల్లో చెవి లోపలి చర్మానికి రాసే జెల్ రూపంలోనూ ఇదే మందును తయారుచేసి ఇస్తున్నారు. అయోడిన్ బాగా తగ్గించిన ప్రత్యేక ఆహారం మరో దారి, అయితే అది తప్ప ఇంకేమీ తినకుండా ఉంటేనే పనిచేస్తుంది. మన ఇళ్లలో దాన్ని నేను నమ్మను. ఆదివారం చేపలు కడిగేటప్పుడు ఎదురుగా కూర్చుని చూసే పిల్లికి ఒక్క సముద్రపు చేప తలకాయ కూడా వేయకుండా ఉండగల వంటిళ్లు ఎన్ని ఉంటాయి? మన ఉప్పులోనూ అయోడిన్ ఉందాయె.

మనుషులకే వైద్యం అందని చోట పిల్లికి రక్తపరీక్షలేమిటన్న ప్రశ్న బరువైనదే. కానీ దానికి జవాబు ఈ డబ్బు ఎవరిదన్న దగ్గరే ఉంది. పిల్లికి పరీక్ష మానేసిన ఇల్లు ఆ డబ్బును ప్రభుత్వాసుపత్రికి పంపదు. వేల రూపాయలు పోసి జాతి పిల్లను కొని, పుట్టినరోజుకు కేకు కోసి, ఫొటోలు తీసిన ఇంటికి దాని పదకొండో ఏట మాత్రం దేశంలోని పేదరికం గుర్తుకు రావడం విచిత్రం. జంతువు ఎవరి సంరక్షణలో ఉందో దాని బాగోగులకు తగిన చర్యలు తీసుకోవడం వారి విధి అని 1960 నాటి జంతు హింస నివారణ చట్టం మూడో సెక్షన్ చెబుతోంది. చట్టం మాట పక్కన పెట్టినా, గుమ్మం దాటనివ్వకుండా పెంచిన జంతువుకు తన వైద్యం తను వెతుక్కునే దారి మనమే మూసేశాం.

వీటన్నిటికంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. పదహారేళ్ల పిల్లి, కిడ్నీలు అప్పటికే సగం పోయాయి, గుండె బలహీనం, మనిషిని చూస్తే మంచం కింద దూరుతుంది. దానికి ఈ మాత్రలు, సూదులు అవసరమా? కాకపోవచ్చు. చికిత్స వద్దనుకోవడం కూడా ఒక్కోసారి సరైన నిర్ణయమే. కానీ అది నిర్ణయం కావాలంటే ముందు జబ్బు పేరు తెలియాలి. పేరు తెలిశాక మాత్ర వద్దనుకున్నా, రక్తపోటుకు విడిగా మందు ఇచ్చి చూపు కాపాడొచ్చు, వాంతులు తగ్గించొచ్చు, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టొచ్చు. పరీక్ష లేకుండా వదిలేసిన పిల్లికి ఆ మాత్రం ఊరటా దక్కదు. ఈ విషయంలో పశువైద్యుల బాధ్యతా ఉంది. రేబిస్ టీకాకు తెచ్చిన ముసలి పిల్లి గడ్డం పైకెత్తి, రెండు వేళ్లతో గొంతుకు అటూ ఇటూ కిందిదాకా నిమిరి చూడటానికి అర నిమిషం పడుతుంది. ఉబ్బిన థైరాయిడ్ చాలాసార్లు వేలికే తగులుతుంది. టీకా కార్డులో తేదీ పక్కన బరువు రాసేందుకు ఇంకో అర నిమిషం. చాలా కార్డుల్లో ఆ గడి ఇప్పటికే అచ్చేసి ఉంటుంది, ఖాళీగా.