కాన్వెంటు అంటే బడి కాదు, ఒక ఇల్లు



మన ఊళ్లలో కాన్వెంటు అంటే ఇంగ్లీషు మీడియం బడి. పిల్లాడికి టై కట్టి ఆటో ఎక్కించామంటే కాన్వెంటుకు పంపినట్టే. కానీ ఆ మాటకు అసలు అర్థం కన్యస్త్రీలు కలిసి బ్రతికే ఇల్లు. ఇంటి పక్కన వాళ్లు బడి పెట్టారు గనుక ఆ పేరు బడికి అంటుకుంది. బడి సంగతి, ఫీజు సంగతి మనకు బాగా తెలుసు. ఆ ఇంటి సంగతే మనం ఎప్పుడూ ఆలోచించలేదు. ఈ వారం దాని గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాను.

"అయ్యగారూ, ఆర్‌సీఎం సిస్టర్లు పెళ్లి లేకుండా ఉండటం వాక్యానుసారమేనా?" అని కూడికల్లో కొందరు అడుగుతుంటారు. మన సంఘాల బోధ స్పష్టం. వివాహం దేవుని ఏర్పాటు. పెళ్లి మానుకున్నంత మాత్రాన ఎవరికీ రక్షణలో ఎక్కువ వాటా రాదు. మనం నీతిమంతులుగా తీర్చబడేది కృపచేత, విశ్వాసమువలన. 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటనలో 27వ అధికరణం ఈ ప్రమాణాల గురించే. లూథరు కూడా మఠంలో ఉన్నవాడే. 1525లో ఆయన పెండ్లాడిన కతరీనా కాన్వెంటు విడిచి వచ్చిన కన్యస్త్రీ. ఈ బోధ విషయంలో నాకు సందేహం లేదు.

అయితే పరలోకరాజ్యం కోసం పెళ్లి మానుకున్నవారిని గూర్చి ప్రభువు మాట్లాడింది కూడా ఈ బైబిలులోనే ఉంది (మత్తయి 19:12). పెళ్లి లేని జీవితాన్ని పౌలు వరంగా ఎంచింది కూడా ఇందులోనే ఉంది (1 కొరింథీ 7). ఆ భాగాల మీద మన పుల్పిట్ నుంచి ప్రసంగం విని ఎన్నేళ్లయిందో ఆలోచించండి.

ఇప్పుడు గుంటూరు వెళదాం. మేరీ గ్లౌరీ అనే ఆవిడ 1887లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో పుట్టారు. 1910లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా తీసుకుని, ఆ నగరంలోనే కంటి డాక్టరుగా మంచి పేరు తెచ్చుకున్నారు. 1915లో ఆమె చేతికి ఒక చిన్న పుస్తకం వచ్చింది. అది ఆగ్నెస్ మెక్‌లారెన్ అనే స్కాట్లాండు డాక్టరమ్మ గురించి. మగ డాక్టరు ఎదుటికి రాలేక మన దేశంలో తల్లులూ బిడ్డలూ వైద్యం అందక చనిపోతున్నారని ఆ డాక్టరమ్మ వేదన. మేరీ గారు దాన్ని తనకు వచ్చిన పిలుపుగా తీసుకున్నారు. 1920 ఫిబ్రవరిలో గుంటూరులో దిగారు.

అక్కడ ఆమె సొంత క్లినిక్కు పెట్టలేదు. నెదర్లాండ్స్ నుంచి 1904లోనే గుంటూరు వచ్చి ఉన్న జె.ఎం.జె. సిస్టర్ల సభలో చేరారు. ముప్పై రెండేళ్ల వయసు, చేతిలో పెద్ద చదువు. అయినా కొత్తగా చేరిన ఏ అమ్మాయిలాగైనా శిక్షణకు కూర్చున్నారు. ఆ రోజుల్లో కన్యస్త్రీలు డాక్టరు పని చేయడానికి వాళ్ల సంఘ నియమాలు ఒప్పుకునేవి కావు. పోపు పదిహేనవ బెనెడిక్టు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చాకే సిస్టరుగా ఉంటూ ఆమె వైద్యం చేశారు. తర్వాత సెయింట్ జోసఫ్ ఆసుపత్రి పెరిగింది. ఆమె స్థానిక స్త్రీలకు మంత్రసాని పని, మందులు కలిపే పని, నర్సు పని నేర్పించారు. 1943లో కొద్దిమంది సిస్టర్లను కలుపుకుని క్యాథలిక్ ఆసుపత్రులకు ఒక సంఘం స్థాపించారు. 1957లో బెంగళూరులో క్యాన్సరుతో కన్నుమూశారు. క్యాథలిక్ వైద్య కళాశాల ఒకటి రావాలన్నది ఆమె కోరిక. ఆమె పోయిన ఆరేళ్లకు, 1963లో, సెయింట్ జాన్స్ కళాశాల బెంగళూరులో మొదలైంది. ఆమె స్థాపించిన ఆసుపత్రుల సంఘం ఇప్పటికీ సికింద్రాబాదు నుంచి నడుస్తోంది. మూడు వేలకు పైగా ఆసుపత్రులు, వైద్యకేంద్రాలు అందులో ఉన్నాయి.

మనిషి పోయాక కూడా పని ఎందుకు నిలిచింది? ఆమె గొప్ప డాక్టరు గనుక అనవచ్చు. గొప్ప డాక్టర్లు చాలామంది ఉన్నారు, వాళ్లతోనే వాళ్ల ఆసుపత్రులూ మూతపడ్డాయి. ఆమె పని నిలవడానికి కారణం ఆ ఇల్లు అని నా అభిప్రాయం.

ఆ ఇంటి పద్ధతి చూడండి. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అని మూడు ప్రమాణాలు. జీతం ఎవరికి వచ్చినా ఇంటి పెట్టెలో పడుతుంది. సభ ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాలి. వేళకు ప్రార్థన, అందరికీ ఒకటే భోజనపు బల్ల. ఒకరు రోగిని చూస్తే ఒకరు వంట చూస్తారు, ఒకరు లెక్కలు చూస్తారు. ఒకరికి జ్వరం వస్తే ఆ పని ఇంకొకరు అందుకుంటారు. అపొస్తలుల కార్యములు 2వ, 4వ అధ్యాయాల్లో ఆది సంఘం గురించి మనం చదివి ఆమేన్ అంటాం. వీళ్లు దాన్ని ఇంట్లో పెట్టుకుని బ్రతకడానికి ప్రయత్నిస్తున్నారు.

అక్కడంతా పరలోకమే అని నేను చెప్పను. పదిమంది ఒక్క ఇంట్లో ఉంటే పప్పులో ఉప్పు దగ్గర కూడా మాట వస్తుంది. విధేయత పేరుతో పెద్దవారు చిన్నవారిని నొక్కివేసే ప్రమాదమూ ఉంది. గోడలున్న చోట తప్పు దాగుతుంది కూడా. అయినా ఆ భారాన్ని తెలిసి తలకెత్తుకున్నవాళ్లను మనం చులకనగా మాట్లాడకూడదు.

మనవాళ్లలో ఇలాంటివారు లేరా అంటారేమో. అదే గుంటూరులో ఉన్నారు. లూథరన్ మిషను డాక్టరు అన్నా కుగ్లర్ గారు 1883లో అమెరికా నుంచి వచ్చారు. 1898లో స్త్రీల కోసం ఆసుపత్రి తెరిచారు. జనం ఇప్పటికీ దాన్ని కుగ్లర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. ఆమె పెళ్లి చేసుకోలేదు, కన్యస్త్రీ ప్రమాణాలూ చేయలేదు. 1930లో ఆ ఊళ్లోనే ప్రభువునందు నిద్రించారు. ఆమె వెనుక కూడా ఒక మిషను ఉంది, కానుకలు పోగుచేసి పంపిన స్త్రీల సమాజాలు ఉన్నాయి. సిద్ధాంతం వేరైనా ఈ ఇద్దరిలో ఎవరూ ఒంటరిగా సేవ చేయలేదు.

మరి ఇప్పుడు మన పరిస్థితి ఏమిటి? సెమినరీ హాస్టల్లో ఉన్నన్నాళ్లు తెల్లవారుజామున గంట కొడితే అందరం లేచి కలిసి ప్రార్థించాం, ఒకే బల్ల మీద తిన్నాం. పట్టా చేతికి వచ్చాక ఎవరి ఊరు వారిది, ఎవరి ఫ్లెక్సీ వారిది. ఒక దైవసేవకుడు, ఆయన పేరున ఒక మినిస్ట్రీ. లెక్కలు ఆయనకే తెలుసు, భారమూ ఆయనదే. ఆయన మంచాన పడితే మందిరానికి తాళం పడుతుంది. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు (మార్కు 6:7). మనం ఒక్కొక్కరిగా పంపి, అలసిపోయారేమని అడుగుతున్నాం.

ఇంకో బాధ కూడా ఉంది. మన సంఘాల్లో నర్సింగు చదివిన ఆడపిల్లలు, టీచర్లు ఎందరో ఉన్నారు. వారిలో ఒకరు "ప్రభువు సేవకు నన్ను నేను ఇచ్చుకుంటాను, పెళ్లి వద్దు" అంటే ఇంట్లో ఏడుపు, సంఘంలో గుసగుస. ఆ పిల్లను పంపడానికి మన దగ్గర ఒక ఇల్లు లేదు, తోడు లేదు, ముసలితనంలో ఒక ముద్ద అన్నం పెడతామన్న హామీ లేదు. ఊరూరా తిరిగిన బైబిలు స్త్రీలు చివరికి ఎవరి పంచన చేరారో మన పెద్దలను అడగండి. కన్యస్త్రీల ప్రమాణాలు తప్పు అని బోధించిన మనం, వాటికి బదులుగా మన ఆడపిల్లలకు ఏమిచ్చాం?

అందుకని మూడు మనవులు సంఘ కమిటీ ముందు పెడుతున్నాను. ఒకటి, చుట్టుపక్కల సేవకులం నెలకు ఒక రోజు కలిసి ప్రార్థించి, కలిసి తిని, మన లెక్కలు ఒకరికొకరం చూపించుకుందాం. రెండు, పెళ్లి లేకుండా సేవ చేస్తున్న సహోదరీల పోషణకు, వృద్ధాప్యానికి కానుకల్లో ఒక భాగం పక్కన పెడదాం. మూడు, యవ్వనస్థుల కూడికలో పెళ్లిని గూర్చి బోధించినంత ధైర్యంగా ఒంటరి సమర్పణను గూర్చీ బోధిద్దాం. ఒప్పుకోనివారు వచ్చే ఆదివారం ఆరాధన తరువాత ఉండి మాట్లాడండి, వింటాను.

ఈసారి కాన్వెంటు గేటు ముందు పిల్లల కోసం నిలబడినప్పుడు లోపలి ఆ ఇంటిని గుర్తుచేసుకోండి. అక్కడ బ్రతుకుతున్న సహోదరీల కోసం ఒక నిమిషం ప్రార్థించండి. పిలిచిన ప్రభువు మనలను ఒకరికొకరిని తోడుగా నిలుపును గాక. ఆమేన్.